పందెం బండికి పస్తు

సాతిబాల్దికి డెబ్బై ఏళ్లు నిండుతున్నాయని లోయంతటికీ పిలుపు వెళ్లింది. మందలు కొండ మేత నుంచి దిగాక, ఆగస్టు చివర్లో విందు. ఎన్ని గొర్రెలు కోయాలి, ఎన్ని గుడారాలు వేయాలి, గుర్రప్పందెం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి అని తేల్చడానికి పెద్దలంతా ఆయన ఇంట్లో కూర్చున్నారు. ఇస్మానలి నోరు జారింది ఆ రోజే.

నిజానికి ఆయన నోరు జారే మనిషి కాదు. అట్-బాషి లోయలో పందెం గుర్రాల్ని తయారుచేసే సాయాప్కెర్ అంటే ఇస్మానలే. గుర్రం రొమ్ము మీద చెయ్యి వేసి, కాసేపు కళ్లు మూసుకుని, "ఇది పరిగెడుతుంది" అనో "దీన్ని ఈ ఏడాదికి వదిలెయ్యండి" అనో అంటాడు. అంతకు మించి మాట్లాడడు. ఆయన చెయ్యి పడని గుర్రాన్ని ఆ లోయలో ఎవరూ పందేనికి తీసుకురారు. తీసుకొచ్చినా దాని మీద ఎవరికీ ఆశ ఉండదు.

ఆ రోజు ఆయన్ని కూతురు షాయిర్‌గుల్ తన బండిలో తీసుకొచ్చింది. పెద్దలకి టీ పోసే పని ఆమె మీద పడింది. ఇస్మానలి ఇంటి గడప దాటి యూనివర్సిటీలో కాలు పెట్టిన మొదటి మనిషి షాయిర్‌గుల్. రాజధాని బిష్కెక్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఒక షెడ్డులో హైబ్రిడ్ బండ్లు బాగుచేస్తోంది. తెల్లగా, ఎత్తుగా ఉన్న ఆ ఎస్‌యూవీ కూడా చైనా నుంచి దెబ్బతిని వచ్చిందే. బ్యాటరీ చచ్చిపోయిందని అందరూ వదిలేస్తే, ఆమె దాన్ని విప్పి, పాడైన సెల్స్‌ని ఒక్కొక్కటిగా వెతికి మార్చి, మళ్లీ రోడ్డెక్కించింది.

వాకిట్లో దాని పక్కనే ఇంకో కారు నిలబడి ఉంది. ఎర్రది, నేలకు అతుక్కుపోయినట్టున్న జర్మనీ స్పోర్ట్స్ కారు. అది సాతిబాల్ది కొడుకు కైర్బెక్‌ది. బిష్కెక్‌లో ఇళ్లు కట్టే సామాను అమ్మే వ్యాపారం అతనిది. మంచివాడే, కాని ఎదుటివాణ్ణి గిల్లకుండా ఉండలేడు.

అతను లోపలికి వస్తూనే, బయట ఎవరో గుడారానికి చక్రాలు తగిలించి నిలబెట్టారు, ఎవరిదది అని అడిగాడు. అందరూ నవ్వారు. అది టార్చిలైటు బ్యాటరీలతో నడుస్తుందట కదా చెల్లెమ్మా, కొండెక్కేటప్పుడు నువ్వే దిగి తొయ్యాలా అన్నాడు. షాయిర్‌గుల్ కూడా నవ్వి, అతని గిన్నెలో టీ పోసింది. ఇస్మానలికి అది తగల్లేదు. తగిలింది ఆ తర్వాత సాతిబాల్ది అన్న మాట.

"ఇస్మానలీ, పందెం గుర్రాన్ని మేపినట్టు మేపి చదివించావు ఈ పిల్లని. నిజంగా గుర్రమే అయితే, ఈపాటికి ఏదో ఒక పందెంలో కనపడేది కదయ్యా."

చిన్ననాటి స్నేహితుడు పరాచికంగా అన్న మాట అది. కుమిస్, అదే పులిసిన గుర్రప్పాలు, నాలుగు గిన్నెలు ఎక్కువైతే అలాంటి మాటలు వస్తాయి. కాని ఇస్మానలి తన గిన్నె కింద పెట్టాడు.

"విందు రోజున గుర్రాలకంటే ముందు ఈ రెండు బండ్లూ పరిగెడతాయి," అన్నాడు. "నా కూతురి బండి ముందుగా జెండా దాటకపోతే, ఆ రోజు నుంచి నేను ఏ గుర్రం రొమ్ము మీదా చెయ్యి వెయ్యను."

కైర్బెక్ కంగారుపడి, బాబాయ్, నేనేదో సరదాకి అన్నాను అని సర్దబోయాడు. పరచిన బట్ట మీద రొట్టె ఉంది. రొట్టె ముందు పెద్దమనిషి అన్న మాటని ఎవరూ నవ్వులాటలోకి తిప్పలేరు. అన్నవాడికైనా అది సాధ్యం కాదు.

ఇక మిగిలింది కొలత. ఊరవతల, సమష్టి సేద్యం రోజుల్లో పొలాలకి మందు చల్లే విమానాలు దిగిన పాత కాంక్రీటు దారి ఉంది. దాని ఈ కొస నుంచి ఆ కొస దాకా పెడదామన్నాడు కైర్బెక్. టీ కాగుతున్న సమోవార్ దగ్గర నిలబడ్డ షాయిర్‌గుల్, పెద్దలు అనుమతిస్తే ఒక మాట చెప్తానని, మూడు వందల మీటర్లు చాలంది. అందరూ మళ్లీ నవ్వారు. వాళ్ల గుర్రాలు పరిగెత్తేది పాతిక కిలోమీటర్లు. మూడు వందల మీటర్లయితే గొర్రెపిల్లైనా పరిగెడుతుందన్నాడొకాయన. ఇస్మానలి ముఖం మాడిపోయింది. అయినా, "పందెం ఆమెది, కొలతా ఆమెదే," అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు.

"భయపడ్డావా?"

"లెక్క వేశాను నాన్నా."

ఆ లెక్క ఆయనకి వివరంగా చెప్పింది. అదే బిష్కెక్ కింద మైదానంలో అయితే ఎర్రకారుదే గెలుపు, అందులో మాటే లేదు. కాని ఈ లోయ రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పల్చన. ఎర్రకారు ఇంజను ఆ గాలినే పీల్చి బతకాలి, కాబట్టి దాని బలంలో అయిదో వంతు ఇక్కడికి రాకముందే పోతుంది. తన బండిలో చక్రాల్ని తిప్పేవి కరెంటు మోటార్లు. వాటికి గాలితో పని లేదు. పెట్రోలు ఇంజను ఉన్నది మోటార్లకి కరెంటు తయారుచేసి పెట్టడానికే. పైగా నిలబడ్డ చోటు నుంచి కదిలేటప్పుడు మోటారు మొత్తం బలాన్ని ఒక్కసారిగా ఇస్తుంది, నాలుగు చక్రాలూ నేలని పట్టుకుంటాయి. ఎర్రకారు వెనక చక్రాలతో తోసుకోవాలి, ఆ దుమ్ము కాంక్రీటు మీద కాసేపు జారుతుంది. పికప్‌లో మనది పైచెయ్యి. అయితే ఒకసారి వేగం అందుకున్నాక దాన్ని ఆపలేం. సుమారు నాలుగు వందల మీటర్ల దగ్గర మనల్ని దాటేస్తుంది. అందుకే జెండా మూడు వందల దగ్గర ఉండాలి.

ఇస్మానలి గడ్డం గోక్కున్నాడు. మొదట్లో దూకి చివర్లో చతికిలబడే గుర్రాన్ని ఆయన జీవితంలో మెచ్చుకోలేదు. ఆ మాటే అన్నాడు.

మర్నాడు ఆయన గుర్రమెక్కి కాంక్రీటు దారి దగ్గరికి వచ్చాడు, బండిని చూస్తానని. ఆమె బండిని నిలబెట్టి, ఒక్కసారి వదిలింది. చప్పుడు లేదు. బండి అక్కడి నుంచి మాయమై మూడు వందల మీటర్ల అవతల తేలింది. గుర్రం కూడా బెదరలేదు, చెవులు మాత్రం నిక్కబొడిచింది. ఇస్మానలి "ఇంకోసారి," అన్నాడు. ఆ పూట ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఎన్నిసార్లు పరిగెత్తించాడో లెక్కలేదు.

ఆనాటి నుంచి బండి ఆయనదైపోయింది. పొద్దున్నే లేచి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవాడు. గిట్టలు చూసినట్టు టైర్లు తడిమి చూసేవాడు. ముందు భాగం మీద అరచెయ్యి ఆనించి, రొమ్ము వెడల్పే, ఊపిరి బాగా పడుతుంది అని భార్యతో అనేవాడు. బుబుసారా ముసుగుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకనాడు, ఇది తినేదేమిటి తల్లీ అని అడిగాడు. కరెంటూ తింటుంది, పెట్రోలూ తాగుతుంది అంది షాయిర్‌గుల్. రెండూ తినే జంతువు ఒళ్లు చేస్తుంది అని గొణిగాడాయన. ఆమె నవ్వేసి పనిలో పడిపోయింది. ఆ మాట దగ్గర ఆగి ఉండాల్సిందని ఆమెకి తర్వాత తెలిసింది.

విందు ముందు రోజంతా గుడారాల కర్రలూ, పిండి బస్తాలూ, అత్తలూ మేనత్తలూ ఆ బండిలోనే తిరిగారు. సాయంత్రానికి బ్యాటరీ నాలుగో వంతుకి దిగింది. షాయిర్‌గుల్ కేబుల్‌ని కొట్టం గోడకున్న ప్లగ్గుకి పెట్టి, బండిలో పచ్చదీపం వెలగడం చూసుకుని, వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి నిండుతుంది.

తెల్లారి వచ్చి చూస్తే పచ్చదీపం లేదు. కేబుల్ చక్కగా చుట్టి, కళ్లేల పక్కన కొయ్యకి తగిలించి ఉంది. తలుపు తీసి చూసింది. బ్యాటరీ నిన్న ఉన్నంతే ఉంది.

ఇస్మానలి అప్పటికే పందెం రోజు తొడుక్కునే కోటు తొడుక్కుని, తెల్ల ఉన్ని టోపీ, కల్పక్, నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు పడుకున్నాక తీసేశాను తల్లీ. రాత్రంతా ఖాళీ కడుపుతో మంచులో నిలబెట్టా. చూడు, ఎంత తేలిగ్గా ఉందో."

ఆ ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. పందెం గుర్రాన్ని ముందు బాగా మేపుతారు. తర్వాత మేత తగ్గించి, రాత్రుళ్లు మూతి ఎత్తి కట్టేసి, చెమట పట్టించి, ఒంట్లోని బరువంతా దింపుతారు. పందెం ముందు రాత్రి గుర్రం పస్తుండాలి. నిండు కడుపుతో పరిగెత్తిన గుర్రం దారిలోనే కూలిపోతుంది. నలభై ఏళ్లుగా ఇస్మానలి చేసిందల్లా అదే. తనకి తెలిసిన విద్యల్లో మేలైనదాన్ని ఆ రాత్రి కూతురి బండికి చేశాడు.

షాయిర్‌గుల్ మనసులో లెక్క వేసుకుంది. బ్యాటరీ సగానికి దిగితే మోటార్లు బలం దాచుకోవడం మొదలుపెడతాయి. నాలుగో వంతు దగ్గర ఆ బండి ఎర్రకారుతో కాదు, పాలవాడి బండితో కూడా పోటీ పడలేదు. పందెం మధ్యాహ్నం. ఆ గోడ ప్లగ్గుతో అప్పటికి సగం కూడా నిండదు. ఏం చెప్పాలి? ఆయన కళ్లలోకి చూసి ఆ మాట ఎలా అనాలి?

అయినా చెప్పక తప్పలేదు. మెల్లిగా చెప్పింది.

"ఇది గుర్రం కాదు నాన్నా. దీని కడుపు ఖాళీగా ఉంటే కాళ్లలో బలం ఉండదు."

ఆయన ముఖంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోలేదు. మెల్లిమెల్లిగా పోయింది, అది చూడటమే ఆమెకి కష్టమైంది. ఆయన కల్పక్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగారు. నేను నవ్వేశాను."

ఇద్దరూ కొట్టం ముందు నిలబడిపోయారు. బుబుసారా రొట్టె తట్టతో గుమ్మంలోకి వచ్చి, ఇద్దర్నీ చూసి, తట్ట అక్కడే పెట్టి వెళ్లింది. ఇస్మానలే ముందు తేరుకున్నాడు. గుర్రం మరీ నీరసపడితే ఆత్రంగా మేపకూడదు, నడిపించి నడిపించి కొద్దికొద్దిగా పెట్టాలి, దీనికి అలాంటి దారేదైనా ఉందా అని అడిగాడు. షాయిర్‌గుల్ తలెత్తింది. ఉంది. ఇంజనుంది కదా. ఇంజనుని ఆపకుండా నడిపిస్తే కరెంటు తయారవుతూనే ఉంటుంది. కిజిల్-బెల్ కనుమ దాకా ఎక్కి, పైన కాసేపు ఇంజను నడుస్తుండగా ఆగి, కిందికి దిగితే, దిగేటప్పుడు చక్రాలే మోటార్లని తిప్పి బ్యాటరీని నింపుతాయి.

"దిగుతూ తినే జంతువా?" అన్నాడాయన.

"అవును నాన్నా."

"ఎక్కు అయితే."

వెనక సీట్లు ఊడదీసి కొట్టంలో పడేశారు. అత్తల్లో ఎవరో మర్చిపోయిన పిండి బస్తా దింపేశారు. కనుమ దారి ఎక్కుతున్నంతసేపూ ఇంజను గోల పెడుతూనే ఉంది, చేసిన కరెంటులో ముప్పాతిక వంతు ఎక్కడానికే పోతోంది. అంకె కదలకపోవడం చూసి ఇస్మానలి రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. సగం దారిలో ఆయన, వెనక్కి తిప్పు అన్నాడు. సాతిబాల్ది దగ్గరికి వెళ్లి జరిగింది చెప్తాను, తప్పు నాది, పందెం వద్దంటాను, నా మాట నా మీదే ఉంటుంది, నీ బండికి మచ్చ రాదు అన్నాడు.

"పందెం ముందు గుర్రం కడుపు సంగతి బయటికి చెప్పకూడదని నాకు నేర్పింది మీరే కదా," అంది షాయిర్‌గుల్ రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

"గుర్రం సంగతి వేరు. ఇది నా చెయ్యి సంగతి."

"నాకు తెలుసు. అందుకే వెనక్కి తిప్పను."

కనుమ మీద గాలి ఈడ్చి కొడుతోంది. ఇంజను ఆపకుండా నిలబెట్టి, ఇద్దరూ రొట్టె తుంచుకుని తిన్నారు. కింద లోయలో విందు గుడారాలు పెరుగు బిళ్లలు ఆరబోసినట్టు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆమె గడియారం చూసుకోలేదు, సూర్యుణ్ణే చూసింది. దిగడం మొదలుపెట్టాక పెడలు మీంచి కాలు తీసేసి బండిని దాని దారికి వదిలేసింది. వేగం పెరక్కుండా మోటార్లే పట్టి ఉంచుతున్నాయి. ఇస్మానలి కళ్లద్దాలు పెట్టుకుని అంకె మీదే చూపు నిలిపాడు. అంకె పెరిగినప్పుడల్లా పైకి చదివాడు. మలుపులన్నీ అయ్యేదాకా అలా చదువుతూనే ఉన్నాడు, పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు.

"గెలుస్తామా?" అని అడిగాడు ఊరు కనబడగానే.

"సగం దాటితే గెలుస్తాం. సగానికి అటు ఇటు అయితే చెప్పలేను."

కాంక్రీటు దారి దగ్గరికి చేరేసరికి అంకె సగం దాటి, ఇంకాస్త పైకి వెళ్లింది.

జనం అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. అయితే చాలామంది జెండా దగ్గర లేరు. గుర్రప్పందేలకి అలవాటు పడ్డవాళ్లు కదా, పందెం అంటే దారి చివర్లోనే చూడాలని, దూరంగా ఆ కొసకు వెళ్లి గుర్రాల మీద కూర్చున్నారు. మూడు వందల మీటర్ల దగ్గర పాతిన జెండా పక్కన ఉన్నది విందు యజమాని సాతిబాల్ది, ఆయన కుర్చీ, ఇంకో నలుగురు ముసలివాళ్లు. చాటింపు వేసే బెకెన్ మైకు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇస్మానలి జెండా దగ్గరికి వెళ్లలేదు. సాయాప్కెర్ ఎప్పుడూ బయలుదేరే చోటే ఉంటాడు. గీత పక్కన, కూతురి బండి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బండి ముందు భాగం మీద ఒకసారి అరచెయ్యి ఆనించి తీసేశాడు.

పక్కన కైర్బెక్ ఎర్రకారుని రంకె వేయించాడు. దూరాన గుర్రాలు వెనక్కి తగ్గాయి. అతను అద్దం దించి, చెల్లెమ్మా, నీ బండి స్టార్ట్ అయ్యిందా, చప్పుడు లేదు అని అడిగాడు. అయ్యింది అన్నా, నువ్వు చూసుకో అంది షాయిర్‌గుల్.

గీత దగ్గర పందేలు మొదలుపెట్టే దోలోత్ తాత కల్పక్ ఎత్తి నేలకి కొట్టాడు.

చూసినవాళ్లు తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. కొందరు తెల్లబండి ముందే కదిలిందన్నారు. నిజానికి రెండూ ఒకేసారి కదిలాయి. తెల్లది కదిలిన చప్పుడు లేదు కాబట్టి అలా అనిపించింది. షాయిర్‌గుల్ వీపు సీటుకి అతుక్కుపోయింది. కళ్ల ముందు కాంక్రీటు పలకలు కలిసిపోయి ఒకే చారయ్యాయి. అద్దంలో ఎర్రకారు వెనక చక్రాల నుంచి పొగ లేచింది, తోక ఒకసారి పక్కకి ఊగింది, మళ్లీ దారిలోకి వచ్చింది. ఆ తర్వాత అది రావడం మొదలుపెట్టింది. ఆమె అద్దంలో చూడటం మానేసింది. వినపడుతూనే ఉంది. ఆ రంకె ముందు వెనక నుంచి వచ్చింది, తర్వాత పక్క నుంచి, తర్వాత చెవి పక్కనే. ఆమె పెడలుని నేలకి ఆనేంత గట్టిగా తొక్కి, జెండా గుడ్డ మీద చూపు పెట్టింది. గుడ్డ పక్క నుంచి వెళ్లిపోయింది. అప్పటికి ఎర్రకారు ముక్కు ఆమె తలుపు దగ్గర ఉంది.

ఆ మరుక్షణమే అది గాలిలా ఆమెని దాటి పోయింది.

కొస దగ్గర గుర్రాల మీద ఉన్నవాళ్లు ఈలలు వేశారు. కైర్బెక్ పేరు పెట్టి అరిచారు. వాళ్ల కళ్ల ముందు నుంచి ఎర్రకారే ముందు వెళ్లింది. అందులో అబద్ధం లేదు. షాయిర్‌గుల్ బండి తిప్పుకుని జెండా దగ్గరికి వచ్చేసరికి అక్కడ గొడవ మొదలైంది. ఎర్రదే ముందు అని కొస నుంచి వచ్చినవాళ్లూ, జెండా దాకా లెక్క అని ఈ ముసలివాళ్లూ. ఒకతను గుర్రం దిగకుండానే సాతిబాల్దితో, తాతా, నీ కొడుకే గెలిచాడు, నువ్వు కాదంటావేమిటి అన్నాడు. ఇస్మానలి గీత దగ్గర నుంచి నడిచి వస్తున్నాడు. పరిగెత్తలేదు. ఆయన ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయింది షాయిర్‌గుల్.

సాతిబాల్ది కుర్చీలోంచి లేచాడు. ఆయన లేవగానే గుర్రాల మీద ఉన్నవాళ్లు కూడా నోరు మూశారు.

"నా కుర్చీ జెండా పక్కన వేశారు. నా కళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. ఇక్కడికి ముందు వచ్చింది ఇస్మానలి కూతురు. నా కొడుకు ఆమె తలుపు దగ్గర ఉన్నాడు."

కైర్బెక్ అప్పటికి కారు దిగి వచ్చాడు. దుమ్ము దులుపుకుంటూ, నిజమే నాన్నా అన్నాడు. జెండా దాకా ఆ పిల్లది, ఆ తర్వాత నాది అన్నాడు. అతని ముఖంలో ఓడినవాడి కోపం లేదు, ఏదో కొత్త సంగతి తెలుసుకున్నవాడి ఆశ్చర్యం ఉంది.

గొడవ అంతటితో ఆగిపోయేది. అయినా షాయిర్‌గుల్ ఊరుకోలేదు. కొస నుంచి వచ్చినవాళ్లు మనసులో ఇంకా ఎర్రకారుకే ఓటు వేస్తున్నారని ఆమెకి తెలుసు. రేపు ప్రతి ఇంట్లోనూ ఈ పందెం మళ్లీ జరుగుతుంది. అందుకని పెద్దల్ని అడిగి, ఇంకోసారి పరిగెడదామంది, ఈసారి కొస దాకా. గెలవడానికి కాదు, ఎక్కడ ఏ బండి బలమో అందరూ ఒకేసారి చూడటానికి. ఇస్మానలి ఆమెని చూశాడు. ఓడిపోతావని తెలుసు కదా అని ఆ చూపు. తెలుసు అని ఆమె తలూపింది.

ఈసారి జనం దారి పొడుగునా నిలబడ్డారు. జెండా దగ్గర తెల్లబండి ముందుంది, ఇంకాస్త ముందుకి వెళ్లేసరికి రెండూ కలిశాయి, ఆ తర్వాత ఎర్రకారు ఆమెని వదిలేసి చాలా ముందుకి వెళ్లిపోయింది. ఆమె చివరికి తీరిగ్గా వచ్చి ఆగి, చుట్టూ చేరినవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ లోయలో నిలబడ్డ చోటు నుంచి లేచే బలం దీనిది, పెద్ద వేగానికి వెళ్లే బలం దానిది. కింద మైదానంలో అయితే మొదట్నుంచీ దానిదే. ఇది కొండ దారులకీ, చలికీ, గొర్రెల మధ్య ఆగి కదలడానికీ మంచిది. అది దేనికి మంచిదో అన్నకే తెలియాలి. కైర్బెక్ ఆ మాటకి తల వెనక్కి వాల్చి నవ్వాడు. మా ఆవిడకి కూడా తెలియదు అన్నాడు.

ఇక చాటింపు మిగిలింది. పందెం ముగిశాక గెలిచిన గుర్రం ఎవరిదో, దాన్ని తయారుచేసిన సాయాప్కెర్ ఎవరో లోయంతా వినేలా చెప్పడం బెకెన్ పని. అతను మైకులో రెండుసార్లు ఊది మొదలుపెట్టాడు. కొస దాకా గెలిచింది కైర్బెక్ ఎర్రకారు అని చాటాడు. జెండా దాకా గెలిచింది షాయిర్‌గుల్ తెల్లబండి అని చాటాడు. ఆ తర్వాత, ఏళ్ల తరబడి నోటికి పట్టిన అలవాటు కొద్దీ, గొంతు పెంచి అన్నాడు.

"సాయాప్కెర్ ఇస్మానలి!"

జనం కల్పక్‌లు ఎగరేశారు. ఇస్మానలి చెయ్యెత్తాడు, ఆగమన్నట్టు. మైకు దగ్గరికి వచ్చి బెకెన్ చేతిలోంచి తీసుకున్నాడు. ఆయన మైకులో మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. మొదట మైకుని గడ్డానికి తగిలించుకుని ఏదో అన్నాడు, వినపడలేదు. బెకెన్ సరిగ్గా పట్టుకోవడం చూపించాడు.

"తప్పు చాటావు బెకెన్," అన్నాడు. "నేను చేసిందొకటే. రాత్రి ఈ బండిని పస్తు పెట్టాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన దాచకుండా చెప్పాడు. పిల్ల పెట్టి పడుకున్న తీగ పీకేశానని, పందెం గుర్రం అనుకుని రాత్రంతా మంచులో నిలబెట్టానని, పొద్దున్నే కూతురు దాన్ని కనుమ దాకా తీసుకెళ్లి దించుతూ దించుతూ కడుపు నింపిందని, సగం కడుపుతో పరిగెత్తిందని. ముందు ముసలివాళ్లు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. గుర్రాల మీద ఉన్నవాళ్లు జీనుల మీద ముందుకి వాలిపోయి నవ్వారు. సాతిబాల్ది కళ్లు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఇస్మానలి వాళ్ల నవ్వు అయ్యేదాకా ఓపికగా నిలబడ్డాడు. షాయిర్‌గుల్ తండ్రిని చూస్తోంది. నలుగురిలో నవ్వులపాలైనా ఆయన నడుం ఒక్క వేలు కూడా వంగలేదు.

నవ్వు తగ్గాక ఆయన మళ్లీ మైకు ఎత్తాడు.

"ఎక్కడ బలమో, ఎక్కడ బలం లేదో, ఈ పిల్ల పందేనికి ముందే చెప్పింది. నాకు చెప్పింది. నేను సగమే విన్నాను. గెలిచాక తన బండి ఎక్కడ ఓడుతుందో మీ అందరికీ తనే చూపించింది. అలా చూపించిన సాయాప్కెర్‌ని నేను ఇంతవరకూ చూడలేదు. నేనూ ఎప్పుడూ అలా చేయలేదు. బెకెన్, మళ్లీ చాటు. సరిగ్గా చాటు."

మైకు తిరిగి ఇచ్చేశాడు. బెకెన్ ఆయన్ని చూశాడు, షాయిర్‌గుల్‌ని చూశాడు. ఆడపిల్ల పేరు ఆ చోట చాటడం అతనికి అదే మొదలు. గొంతు సవరించుకున్నాడు.

"సాయాప్కెర్ షాయిర్‌గుల్, ఇస్మానలి కూతురు!"

కొండ దాన్ని మళ్లీ ఒకసారి అంది. షాయిర్‌గుల్ ఏం చేయాలో తోచక బండి తలుపు పట్టుకుని నిలబడింది. సాతిబాల్ది మనిషి అప్పటికే ఒక బూడిదరంగు గుర్రాన్ని నడిపించుకుని ఇస్మానలి దగ్గరికి వస్తున్నాడు, గుర్రప్పందేనికి ముందు ఆయన చెయ్యి పడాలని. ఆయన దాని వైపు తిరిగి, కోటు చేతిని పైకి మడుచుకుంటూ, అటుగా వెళ్తున్న పక్క లోయ మనిషినొకణ్ణి ఆపాడు. అతను ఏమీ అడగలేదు.

"విన్నావా పేరు?" అన్నాడు ఇస్మానలి. "నా కూతురు."